చిలుము గీకకండి, అక్షరం అందులోనే ఉంది

(పాత నాణేల మీద కొత్తగా ఆసక్తి పెంచుకున్నవారి కోసం ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయం హాలులో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. కిటికీల పక్కన కూర్చున్నవారు ఆ తెరలు పూర్తిగా తీసి ఉంచండి. ఇప్పుడు మనకు వెలుతురు కావాలి. చివర్లో మళ్లీ వేద్దాం, అప్పుడు చీకటితో పని ఉంది.

నాకు ఇచ్చిన అంశం ‘ప్రాచీన నాణేలను శుభ్రం చేయడం, గుర్తించడం’. ఈ వరస గమనించారా? ముందు శుభ్రం, తరవాత గుర్తింపు. చేతికి పాత నాణెం దొరికిన ప్రతి ఒక్కరూ ఇదే వరసలో వెళ్తారు. నేనూ అలాగే వెళ్లాను. ఈ వరసను తలకిందులు చేయమని అడగడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. ముందు గుర్తించండి. ఆ తరవాత, అవసరమైతేనే, అవసరమైనంత వరకే శుభ్రం చేయండి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతాను. నాకు పద్నాలుగేళ్లప్పుడు, తొలకరి వాన పడ్డాక మా చేను దున్నుతుంటే రెండు బిళ్లలు పైకి వచ్చాయి. మా తాతయ్య వాటిని తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండూ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆ రోజు మా నాయనమ్మ పెరట్లో పండగకు ఇత్తడి బిందెలు తోముతోంది. చింతపండు ఉంది, ఇటుక పొడి ఉంది, కొబ్బరి పీచు ఉంది. నేను పక్కన కూర్చుని ఒక బిళ్లను తోమాను. అరగంటలో తళతళలాడింది. రెండోది తోమేలోపు చీకటి పడింది. మర్నాడు రెండూ తీసుకుని బడికి వెళ్లి, సాంఘిక శాస్త్రం మాస్టారికి చూపించాను. ఆయన మెరిసేదాన్ని పక్కన పెట్టి, పచ్చగా ఉన్నదాన్ని ఎండలోకి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. ‘ఇక్కడ ఏనుగు ఉంది చూడు, తొండం ఎత్తింది. చుట్టూ అక్షరాలున్నాయి’ అన్నారు. తరవాత మెరిసేదాన్ని చేతిలోకి తీసుకుని అడిగారు: ‘దీని మీద ఏముండేదిరా?’

నా దగ్గర జవాబు లేదు. అది నున్నటి రాగిబిళ్ల. దాని మీద ఏ రాజు పేరు ఉండేదో ఈ రోజుకీ తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచిన పేరు అరగంటలో పోయింది. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు.

మరి ఎక్కడికి పోయాయి ఆ అక్షరాలు? నేను లోహాన్ని తోమాను కదా, లోహం మీద అక్షరం ఉంటే అది ఉండిపోవాలి కదా?

ఇక్కడే అసలు సంగతి ఉంది. దయచేసి ఇది ఒక్కటి మనసులో పెట్టుకోండి. రాగి నాణెం నేలలో పడి ఉన్నప్పుడు దాని ఉపరితలం కొద్దికొద్దిగా ఖనిజంగా మారిపోతుంది. రాగి అసలు ఖనిజం నుంచే వచ్చింది, మళ్లీ ఖనిజం అవుతుంది. లోహాన్ని ఆనుకుని ఎర్రటి పొర ఏర్పడుతుంది, అది క్యుప్రైట్. దాని మీద ఆకుపచ్చ పొర, అది మాలకైట్. అప్పుడప్పుడు నీలం రంగు కనిపిస్తే అది అజురైట్. మనవాళ్లు వీటన్నిటినీ కలిపి చిలుము అంటారు, కిలుము అని కూడా అంటారు. నాణెం కొట్టిన రోజు దాని పైభాగం ఎలా ఉందో, ఏనుగు తొండం ఎక్కడ వంగిందో, అక్షరం గీత ఎక్కడ తిరిగిందో, ఆ ఆకారం ఇప్పుడు ఆ చిలుము పొరలో ఉంది. కింద మిగిలిన లోహం మీద చాలాసార్లు ఏమీ ఉండదు. గుంటలు పడి, గరుకుగా ఉంటుంది. చిలుము తీసేస్తే బొమ్మ బయటపడుతుందని అనుకుంటాం. చిలుము తీసేస్తే బొమ్మే పోతుంది.

అందుకే చింతపండు వద్దు. నిమ్మకాయ వద్దు, వెనిగర్ వద్దు, ఇత్తడి సామాను తోమే పొడులు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పాత్రలు తోమే పీచు అసలే వద్దు. పూజ సామానుకు అవి మంచివే. బిందెను మళ్లీ వాడాలి కాబట్టి తోముతాం. నాణేన్ని చదవాలి.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 1906లో మహారాష్ట్రలో నాసిక్ దగ్గర జోగల్‌తంబి అనే చోట పెద్ద కుండ నిండా వెండి నాణేలు దొరికాయి. పదమూడు వేలకు పైగా. అన్నీ క్షహరాట వంశపు రాజు నహపాణుడివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద సాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. నహపాణుడి ముఖం మీద మూడు కొండల గుర్తు, మరో వైపు నాలుగు వృత్తాల ఉజ్జయినీ చిహ్నం. కరిగించి కొత్తవి పోయలేదు, ఉన్నవాటి మీదే కొట్టించాడు. నహపాణుడి క్షహరాట వంశాన్ని శాతకర్ణి నిర్మూలించాడని నాసిక్ శాసనం చెబుతోంది. దానికి చేతిలో పట్టుకోగల సాక్ష్యం ఏది? కొండ గుర్తు కింద ఇంకా కాస్త మిగిలిన నహపాణుడి ముక్కు, జుట్టు, నాణెం అంచున మిగిలిన రెండు గ్రీకు అక్షరాలు. ఆ పాత ముద్ర జాడ వెంట్రుకవాసి మందం. ఎవరైనా ఆ నాణెం చేతిలోకి తీసుకుని మెరిసేదాకా రుద్దితే ముందు ఏది పోతుంది? పైన కొట్టినది కాదు. కింద మిగిలిన జాడ పోతుంది. అంటే ఒక యుద్ధం గుర్తు పోతుంది.

సరే. నాణెం చేతికి వచ్చింది. ఏం చేయాలి?

నీళ్ల దగ్గరికి వెళ్లకండి. ముందు కాగితం తీసుకోండి. ఎక్కడ దొరికింది, ఎవరి ద్వారా వచ్చింది, ఎప్పుడు, దానితోపాటు ఇంకేమైనా ఉన్నాయా, కుండపెంకులు, పూసలు, ఇటుకలు. అన్నీ రాయండి. ఇది లాంఛనం కాదు. కోటిలింగాల తెలుసు కదా, జగిత్యాల జిల్లాలో గోదావరిలో పెద్దవాగు కలిసే చోటు. వానకు మట్టి కొట్టుకుపోతే అక్కడ నేల మీదికి తేలిన నాణేలను కొందరు ఓపికగా ఏరి దాచారు. అవి పండితుల కంటపడ్డాయి. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివి ప్రకటించారు. గోబద, నారన, కంవాయ, సమగోప, ఇంతకుముందు ఏ పుస్తకంలోనూ లేని రాజుల పేర్లు. వాటితోపాటు చిముక సాతవాహనుడి పేరున్న నాణేలు. సాతవాహన వంశానికి మొదటివాడు అని పురాణాలు చెప్పే పేరు, మహారాష్ట్రలోని నానేఘాట్ కొండ గుహలో శిల్పం పైన ‘సిముక’ అని చెక్కి ఉన్న పేరు, ఇక్కడ గోదావరి ఒడ్డున నాణెం మీద కనిపించింది. తెలుగు నేల మీద సాతవాహనుల ఆరంభం గురించి జరిగే చర్చంతా ఈ చిన్న బిళ్లల చుట్టూ తిరుగుతుంది. ఇప్పుడు ఆలోచించండి. అవే నాణేలు ఏ నగరంలోనో ఒక దుకాణంలో, ఎక్కడివో తెలియకుండా, గాజు పెట్టెలో కనిపించి ఉంటే? పేరు తెలిసేది. కానీ ఆ పేరుకు గోదావరితో సంబంధం ఉందని ఎవరు చెప్పేవారు? దొరికిన చోటు పోతే నాణెంలో సగం పోయినట్టే.

వెనక వరసలో ఒక బాబు చెయ్యి ఎత్తాడు. అవును, అడుగు బాబూ. ‘మా చేనులో దొరికితే అది మాదేనా?’ మంచి ప్రశ్న. దీనికి చట్టం ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. 1972 చట్టం ప్రకారం అలాంటిదాన్ని దేశం దాటించడానికి మనకెవరికీ హక్కు లేదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. ఇక్కడ విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు చాలామంది కనిపిస్తున్నారు. ముచ్చటపడి సూట్‌కేసులో రెండు సాతవాహన నాణేలు పెట్టి పంపకండి. ఇంకొకటి, కుండలో దొరికితే కుండతో సహా, మట్టితో సహా కదపకుండా చెప్పండి. పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరు తవ్వకాల్లో వేల సంఖ్యలో నాణేలు బయటపడ్డాయి. పది చేతులు మారి పది ఇళ్లకు వెళ్లి ఉంటే వాటిని ఒక్క చోట పెట్టి చదివే అవకాశం ఉండేదా?

ఇక కొలతలు. ఫొటో తీయండి, రెండు వైపులా, మట్టి ఉండగానే. బరువు తూచండి. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతోంది. అడ్డుకొలత తీసుకోండి. నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తండి, కింద మెత్తటి గుడ్డ పరచుకోండి. ఇవన్నీ రాశాక, భూతద్దం తీసుకోండి. పదింతలు చూపించే నగల దుకాణం భూతద్దం చాలు. దీపం పక్కనుంచి, బాగా కిందనుంచి పడేలా పెట్టండి. నాణేన్ని మెల్లగా తిప్పుతూ ఉండండి. నేను హామీ ఇస్తున్నాను, పది నాణేల్లో నాలుగైదింటికి ఇక శుభ్రం చేయాల్సిన అవసరమే కనిపించదు. మీకు కావలసింది వెలుతురు పడే కోణం, అంతే.

మిగిలినవాటి సంగతి చూద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే లోహాన్ని బట్టి పద్ధతి మారుతుంది. ఒకదానికి మందు ఇంకొకదానికి విషం.

రాగి, రాగి కలిసిన లోహాలు. పోటిన్ అని వింటుంటారు, రాగిలో తగరం, సీసం కలిపిన ముదురు రంగు లోహం. సాతవాహనులు దీన్ని బాగా వాడారు. వీటికి డిస్టిల్డ్ వాటర్ కావాలి. ఎక్కడ దొరుకుతుంది? ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి కొంటాం కదా, ఆ సీసా. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు, వాటిలో క్లోరిన్ ఉంటుంది, ఉప్పు ఉంటుంది. గాజు గిన్నెలో నీళ్లు పోసి నాణేన్ని నానబెట్టండి. రోజూ నీళ్లు మార్చండి. ఎన్ని రోజులు? మట్టి మెత్తబడేవరకు. వారం కావచ్చు, నెల కావచ్చు. తరవాత వెదురు పుల్లను నీళ్లలో నానబెట్టి, మొన మెత్తబడ్డాక, భూతద్దం కింద మట్టిని మాత్రమే తొలగించండి. గుండుసూది వద్దు, బ్లేడు వద్దు. పుల్ల అరిగిపోవాలి, నాణెం అరగకూడదు. చిలుము రంగు కనిపించగానే ఆగిపోండి. ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టమని కొందరు చెబుతారు. పాత పద్ధతి. నూనెలోనూ ఆమ్లాలుంటాయి, అవి చిలుమును మెల్లగా తింటాయి. నేను వాడను, మిమ్మల్ని వాడమనను.

రాగిలో ఒక జబ్బు ఉంది, కంచు రోగం అనుకుందాం. నేలలోని ఉప్పు వల్ల నాణెం లోపల క్లోరైడ్ చేరి ఉంటుంది. బయటికి వచ్చాక తేమ, గాలి తగిలితే అది ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం మళ్లీ రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడ్, మళ్లీ ఆమ్లం. ఆగదు. పైకి ఎలా కనిపిస్తుంది? ముదురు ఆకుపచ్చ చిలుము గట్టిగా, నున్నగా ఉంటుంది, గోరుతో రాసినా రాలదు. అది ఆరోగ్యం. లేత పచ్చగా, పిండిలా, చుక్కలు చుక్కలుగా పైకి ఉబికి, తాకితే రాలితే, అది రోగం. విశాఖ, మచిలీపట్నం వైపు ఉండేవారు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, సముద్రపు గాలి దీనికి ఊపిరి. అలాంటి నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. తేమ నలభై శాతం లోపు ఉంటే రోగం నిద్రపోతుంది. దీన్ని నయం చేసే రసాయనాలు ఉన్నాయి. వాటిలో కొన్ని మనిషికి హాని చేస్తాయి. వంటింట్లో ఆ పని చేయకండి. మ్యూజియంలో పరిరక్షణ పని తెలిసినవారిని అడగండి.

ఇప్పుడు సీసం. మన దగ్గర దీని గురించి గట్టిగా చెప్పాలి. ప్రపంచంలో చాలా దేశాల్లో సీసం నాణేలు అరుదు. మన సాతవాహనులు, వారి తరవాత ఇక్ష్వాకులు సీసంతో విస్తారంగా నాణేలు వేశారు. అందుకే బయటి దేశాల నాణేల గురించి ఎవరో చెప్పిన చిట్కా మన నాణేనికి పనికిరాకపోవచ్చు. సీసం మెత్తనిది, గోరు గీత కూడా పడుతుంది. సీసాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టకండి. అవును, ఇప్పుడే రాగికి అదే మంచిదన్నాను. సీసానికి అది చెరుపు, శుద్ధమైన నీరు సీసాన్ని కరిగిస్తుంది. మట్టి మీద ఒక్క చుక్క మామూలు నీరు వేసి, మెత్తటి కుంచెతో అద్ది, వెంటనే ఆరబెట్టండి. పొడిగా రుద్దకండి, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసం విషం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి, అన్నం తినే బల్ల మీద ఈ పని పెట్టుకోకండి.

మరి దాచడం? ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. అందమైన టేకు పెట్టె, లోపల మఖమల్ గుడ్డ. చూడటానికి ఎంతో బాగుంటుంది. చెక్క నుంచి, అట్టపెట్టెల నుంచి, కొన్ని జిగురుల నుంచి సన్నగా ఆమ్లపు ఆవిరి వస్తూ ఉంటుంది, మన ముక్కుకు తెలియదు. సీసానికి తెలుస్తుంది. ఏడాది రెండేళ్లలో తెల్లటి పిండి పూస్తుంది. ఒక మిత్రుడి ఇంట్లో చూశాను. ముప్పై నాణేలు, తాళం వేసిన చెక్క పెట్టెలో, తీసేసరికి ముగ్గు చల్లినట్టు ఉన్నాయి. ఓడ బొమ్మ ఉన్న నాణెం ఒకటి ఉండేది వాటిలో. రెండు తెరచాప స్తంభాల ఓడ, మన తీరంలో దొరికే రకం. వేలు తగిలితే స్తంభం రాలిపోయింది. ఆ మనిషి ఎంత ప్రేమగా దాచాడో నాకు తెలుసు. అందుకే ఇది చెప్పేటప్పుడు నాకు ఇంకా బాధ కలుగుతుంది. పాలిథీన్ జిప్ కవర్లు వాడండి, ఒక్కో కవరులో ఒక్కో నాణెం, మీరు రాసుకున్న వివరాల చీటీ దానితోపాటు. మెత్తగా, జిగటగా, ఘాటైన వాసన వచ్చే పీవీసీ ఆల్బంలు వద్దు.

వెండి గురించి రెండు మాటలు. నల్లబడితే నల్లగానే ఉండనివ్వండి. అల్యూమినియం రేకు, వంట సోడా పద్ధతి పట్టీలకు పనికొస్తుంది. రెండు వేల ఏళ్ల వెండి పైకి గట్టిగా కనిపించినా లోపల పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. బంగారానికి నీళ్లు తప్ప ఏమీ అక్కర్లేదు. కొత్తవారు ముందు చేయి తిప్పుకోవాలంటే, అరిగిపోయిన పాత కాణీలో, అర్ధణాలో తీసుకుని వాటి మీద సాధన చేయండి.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగానికి వచ్చాను. చదవడం.

నాణెం ఎవరిదో కనుక్కోవడానికి మొదట పేరు వెతకకండి. ఎలా తయారైందో చూడండి. వెండి ముక్క, పలకలుగా కత్తిరించినట్టు, మీద విడివిడిగా అయిదు చిన్న ముద్రలు, అక్షరం ఒక్కటీ లేదు, బరువు మూడుంబావు గ్రాముల దరిదాపుల్లో, అయితే అది విద్ధాంక నాణెం. అమరావతిలో దొరికిన పెద్ద రాశి ఇలాంటిదే. అచ్చులో పోసినదా? కొండాపూర్‌లో, సంగారెడ్డి జిల్లాలో, మట్టి అచ్చులే దొరికాయి. 1940లలో పురావస్తు శాస్త్రవేత్త గులాం యజ్దానీ గారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. కాబట్టి అంచు మీద అతుకు గీత కనిపించగానే నకిలీ అని పారేయకండి, నిజమైన పోత నాణేలకూ అది ఉంటుంది. అలాగే అయస్కాంతానికి అంటుకుందని పారేయకండి. విష్ణుకుండినుల నాణేల్లో ఇనుము మీద రాగి పూత వేసినవి ఉన్నాయి. ఆంజనేయుడో, గండభేరుండమో ఉండి నాగరి లాంటి లిపి ఉంటే మీరు విజయనగర కాలానికి వచ్చేశారు. పారసీ లిపి ఉన్న మందపాటి రాగిబిళ్ల అయితే కుతుబ్‌షాహీలనో, ఆ తరవాతి వారినో వెతకాలి. అవి వేరే రోజు మాట్లాడుకుందాం.

ఏనుగు, సింహం, గుర్రం, మూడు కొండలు, కంచె లోపల చెట్టు, కింద అలల్లాంటి నది గీత, వెనక వైపు నాలుగు వృత్తాలను కలిపే కూడిక గుర్తు. ఆ నాలుగు వృత్తాలదే ఉజ్జయినీ చిహ్నం. ఇవి కనిపిస్తే సాతవాహనుల ఇంటికి వచ్చినట్టే, అయితే వారి సామంతులు, తరవాతివారు కూడా ఇవే గుర్తులు వాడారు. అందుకని అక్షరం కావాలి.

బోర్డు మీద రాస్తున్నాను, చూడండి. అక్షరాలంటే భయపడకండి. ఇది బ్రాహ్మీ, మన తెలుగు లిపికి పూర్వీకురాలు. మన తాతమ్మ చేతిరాత అనుకోండి. ఇది కూడిక గుర్తు. ఇది ‘క’. అంతే. పైన ఒక అడ్డగీత, కింద ఒక అడ్డగీత, మధ్య నిలువు గీత, ఇది ‘ణ’. ఇప్పుడు చెప్పండి, నాణెం అంచున కూడిక గుర్తు, పక్కనే ఈ ‘ణ’, దాని నెత్తిన ఒక చిన్న కొక్కెం కనిపిస్తే ఏమవుతుంది? ‘కణి’. ముందు ఏముండి ఉంటుంది? సాత. వెనక? స. ‘సాతకణిస’, అంటే శాతకర్ణిది అని. ప్రాకృతం. రెండు అక్షరాలతో వంశం పట్టుకున్నారు మీరు! ముందు నుంచీ ఈ వరసలో కూర్చున్న పెద్దావిడ గట్టిగా చెప్పారు, సంతోషం అమ్మా.

శాతకర్ణులు చాలామంది కదా, ఏ శాతకర్ణి? వాళ్లే దారి చూపించారు, తల్లి పేరు పెట్టుకుని. గోతమిపుతస, వాసిఠిపుతస, మాఢరిపుతస. మొదటి అక్షరం దొరికితే చాలు. ‘గ’ ఇలా గూడు కప్పులా ఉంటుంది. ‘వ’ కింద గుండ్రంగా, పైన కాడ, గరిటెలా. ‘మ’ కింద గుండ్రం, పైన రెండు కొమ్ములు. గూడా, గరిటా, కొమ్ములా? నోటికి వచ్చేవరకు అనుకోండి. గౌతమి కొడుకా, వాసిష్ఠి కొడుకా, మాఢరి కొడుకా? ‘పుళుమావి’ అనే రాజు పేరులో ‘ప’ చూడండి, లోతు గిన్నెలా, ఎడమ గోడ పొడుగ్గా. ‘యఞ’లో ‘య’ లంగరులా ఉంటుంది. ఓడ నాణేలు వేసిన వారిలో యజ్ఞశ్రీ శాతకర్ణి ఒకరు. ఆయన పేరు లంగరు లాంటి అక్షరంతో మొదలవడం నాకు ప్రతిసారీ ఆనందంగా ఉంటుంది.

ఒక్క నాణెం మీద పేరు మొత్తం దొరకదు. ఎందుకు? ముద్ర పెద్దది, లోహపు బిళ్ల చిన్నది. కొట్టినప్పుడు అక్షరాల వలయంలో కొంత బిళ్ల మీద పడింది, కొంత గాలిలో పోయింది. ఒకదాని మీద ముందు భాగం, ఇంకొకదాని మీద చివరి భాగం. అతుకుతూ పోవాలి. విదర్భలో తర్హాళ అనే ఊళ్లో 1939లో దొరికిన పోటిన్ నాణేల రాశిని అలాగే ఒక్కొక్కటిగా చదివారు. కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి, పురాణాలు మరిచిపోయిన పేర్లు బయటికి వచ్చాయి. ఏనుగు ఒకటే, వెనక గుర్తు ఒకటే. తేడా అంతా అంచున ఉన్న రెండు మూడు అక్షరాల్లోనే. ఆ రాశిని ఎవరైనా ఒక బకెట్టు ఆమ్లంలో ముంచి తీసి ఉంటే, ఏనుగులు మిగిలేవేమో. ముగ్గురు రాజులు ఉండేవారు కారు.

ఇంకొక విశేషం చెప్పి ఆపేస్తాను. సాతవాహనుల వెండి నాణేల మీద రాజు ముఖం ఉంటుంది, బరువు రెండు గ్రాముల దాకా. ముఖం వైపు ప్రాకృతం. రెండో వైపు? అక్కడ ప్రాకృతం కాదు, ద్రావిడ భాష. తమిళం అని కొందరు, అప్పటి దక్షిణాది భాషల్లో ఒక రూపం అని కొందరు. ‘సిరి’ అన్నచోట ‘తిరు’ అని, ‘పుత’ అన్నచోట కొడుకు అనే అర్థంలో ‘మకణ’ అని ఉంటుంది. రాజు తన పేరును జనం మాటలో కూడా కొట్టించాడు. ఈ నాణేలు చిన్నవి, పల్చనివి, ఆ రెండో వైపు అక్షరాలు మరీ సన్నవి. వెండి తెల్లబడాలని రుద్దితే మొదట ఏ వైపు అరుగుతుందో నేను చెప్పాలా?

సరే, ఇప్పుడు తెరలు వేయండి. ఆ ట్యూబులైట్లు ఆర్పండి. ఈ బల్ల మీద పళ్లెంలో ఒక నాణెం ఉంది. చిన్నప్పుడు నేను తోమకుండా మిగిలిన ఆ రెండోది. ఊళ్లో చెప్పాల్సినవారికి చెప్పి, నమోదు చేయించి ఉంచుకున్నదే. దాని పక్కన టార్చి పెట్టాను, బల్లకు ఆనించి, అడ్డంగా వెలుతురు పడేలా. వరసగా రండి, ఎవరూ తాకవద్దు, చుట్టూ తిరిగి చూడండి. తొండం అందరికీ కనిపిస్తుంది. దాని పైన, కుడి పక్కన, ఒక అక్షరం ఉంది. గూడా, గరిటా, కొమ్ములా? ముందు చూసినవాళ్లు పైకి చెప్పకండి, చివరి మనిషి చూసేదాకా ఆగండి.